డబ్బా మీద గడువు తేదీ ఉంది, చీటీ మీద లేదు

మా ఆఫీసులో ఎవరైనా కోడ్‌లో తాత్కాలికంగా ఓ అతుకు వేస్తే, దాన్ని ఎప్పుడు పీకేస్తారో పక్కనే రాయాలి. రాయకపోతే రివ్యూలో వదలరు. ఇలాంటివి రోజూ పది చూసే నేను, మావాడి పాలసీసా విషయంలో మాత్రం ఏడాది పాటు ఆ తారీఖు అడగలేదు. అడక్కపోవడం నా తప్పే. కానీ చెప్పాల్సిన వాళ్ళెవరూ చెప్పలేదు, నా కోపం దానికి.

సంగతేంటంటే, ఆరో నెలలో అన్నప్రాసన. పరమాన్నం నాలిక్కి తగిలిన పావుగంటకి ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు. వారాసిగూడ సందుల్లోంచి ఆటోలో ఆసుపత్రికి ఎలా వెళ్ళామో నాకిప్పటికీ సరిగ్గా గుర్తులేదు. ఆవుపాల ప్రోటీన్ ఎలర్జీ అని తేలింది. అప్పటికే మా ఆవిడ 26 వారాల సెలవు అయిపోవచ్చింది. అందుకని ప్రోటీన్‌ని ముందే ముక్కలు చేసిన ప్రత్యేకమైన పాలపొడి రాశారు. అది రాయడం సరైనదే, అందులో నాకే అనుమానమూ లేదు. ఆ డబ్బా లేకపోతే మావాడు ఏమైపోయేవాడో!

గొడవంతా ఆ తర్వాతే. ఏడాది నిండింది, పదిహేను నెలలు నిండాయి. ప్రతిసారీ బరువు చూడ్డం, "కంటిన్యూ" అని రాయడం. నెలకి ఆరేడు డబ్బాలు, ఖర్చు వేలల్లో. డబ్బు సంగతి సరే, వీడు అన్నం ముట్టడు. ముద్ద చూపిస్తే మొహం తిప్పేస్తాడు. పొట్ట నిండా పాలుంటే ఆకలెక్కడ్నుంచి వస్తుంది? అన్నం తినట్లేదని ఇంకో సీసా, సీసా తాగాడు కాబట్టి అన్నం వద్దు. ఇన్‌ఫినిట్ లూప్ అంటే ఇదే కదండీ!

ఇక సలహాలకేం కొదవ? మా అమ్మ, "ఏరా, చెంచాడు పెరుగుతో ఏమవుతుందిరా" అంటుంది. తోడుపెట్టినంత మాత్రాన ప్రోటీన్ పోదు. పక్కింటి పెద్దాయన మేకపాలు పట్టమన్నారు. ఆవుపాలు పడని పిల్లల్లో చాలా ఎక్కువమందికి మేకపాలూ పడవు, గేదెపాలూ అంతే. సాటి ఇంజనీరు ఒకాయన లాక్టోజ్ లేని పాలు కొనమన్నాడు. లాక్టోజ్ చక్కెర, మావాడికి పడనిది ప్రోటీన్. రెండూ వేరు బాబూ! ఎమ్మెస్ చదివినవాళ్ళకి కూడా ఈ తేడా తెలీదంటే అమ్మమ్మల్ని ఏమనగలం?

అసలు డబ్బా ఎన్నాళ్ళు? 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తల్లిపాలు తాగని పిల్లలకి ఏడాది దాటాక మామూలు పాలు చాలు, 'ఫాలో అప్' పొడులు సిఫార్సు చెయ్యం అని చెప్పింది. ఎలర్జీ ఉన్నవాడికి మామూలు పాలు కుదరవు కాబట్టి అది యథాతథంగా వర్తించదు. అందుకే వీళ్ళకి ఇంకా గట్టి ప్లాన్ కావాలి. ప్లాన్ లేకపోవడమే ప్లాన్ అయిపోతే ఎలా?

మా ఇంటి నుంచి బండి మీద పది నిమిషాలు పోతే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చింది. వాళ్ళ 2017 పట్టికలో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకి రోజుకి కావలసింది 500. మావాడు తినే 30 గ్రాముల రాగిపిండితో దాదాపు 110 వస్తుంది. అంటే తైద అంబలి ఒక్కటే పోస్తే సరిపోదు, అదేమీ మంత్రం కాదు. కానీ ఈ లెక్క చూశాకే, మిగతాది ఎక్కడ్నుంచి అని ఇంకో డాక్టరుగారిని, డైటీషియన్‌ని అడగ్గలిగాం. కాల్షియం సిరప్ రాశారు. బీ12 కోసం గుడ్డు. శాకాహారుల ఇళ్ళలో పాలు కూడా లేకపోతే బీ12 సంగతి తప్పకుండా అడగాలి.

తర్వాత రెండు నెలలు పట్టింది. ముందు మధ్యాహ్నం సీసా పోయింది, తర్వాత ఉదయంది. చివరికి రాత్రిది. సీసా బదులు గిన్నె. బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన ఉగ్గు. మూడో వారంలో ఒకరోజు వాడే వచ్చి నా కంచంలోంచి ముద్ద లాక్కున్నాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను ఏడవలేదని చెప్పను.

అలాగని రేపే డబ్బా మానేయమని అనట్లేదు. ఇంట్లో బిస్కెట్టు ముక్కతో పరీక్షలు అసలే వద్దు. మావాడిలాంటి వాళ్ళకి పాలు మళ్ళీ పెట్టి చూడ్డం ఆసుపత్రిలోనే జరగాలి. చాలామంది పిల్లలకి ఈ ఎలర్జీ కొన్నేళ్ళలో తగ్గిపోతుంది. తగ్గిందో లేదో ఎప్పుడు చూస్తారు అని అడగడం మన హక్కు.

ఇంకో మాట. 1992 చట్టం, 2003 సవరణ కలిపి రెండేళ్ళ లోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు నిషేధించాయి. అందుకే ఇప్పుడు ప్రకటనలన్నీ "రెండేళ్ళు దాటాక" అంటూ మొదలవుతాయి. అదే పేరు, అదే రంగు డబ్బా, నంబరు మాత్రం మారుతుంది. ఈ సందుని మూయాలి. కష్టమేమీ కాదు. మన హైదరాబాదు డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, తియ్యటి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

అంత పోరాటం మనవల్ల కాకపోవచ్చు. ఈసారి చీటీ మీద "కంటిన్యూ" అని కనిపిస్తే, "ఎప్పటిదాకా సార్?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.