అపాయ పరిశీలన పత్రముల పునర్విమర్శ

విశాఖపట్టణమునకు చేరువనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున 2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున జరిగిన ఘోరమును ఆంధ్రులు మరచియుండరు. ఎల్.జి. పాలిమర్సు కర్మాగారములోని యొక ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న జనులపై క్రమ్ముకొనెను. పన్నెండుగురు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులును చచ్చెను. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము రెండు నెలలలో నివేదిక సమర్పించెను. బాధ్యులెవ్వరు, పరిహారమెంత యను విషయములపై చర్చ విస్తారముగా జరిగినది. కాని ఆ నివేదికలోని యొక యంశమునకు మాత్రము తగిన ప్రాముఖ్యము లభింపలేదని మా యభిప్రాయము.

అది యేమన, ఆ ట్యాంకు పైపుల యమరికను 2019 డిసెంబరులో మార్చిరి. ఆ మార్పువలన లోని ద్రవము పైకిని క్రిందికిని చక్కగా కలియుట మానెను. వేడిని కొలుచు సాధనము అడుగుభాగముననే యుండెను. మీది పొరలు కాగుచున్నను దానికి తెలియు మార్గము లేదు. స్టైరీను తనంత తాను ముద్దకట్టి వేడెక్కకుండ కలుపవలసిన నిరోధక ద్రవ్యము చాలినంత నిలువలేదు. చల్లబరచు యంత్రమును రాత్రివేళ నిలిపివేయుచుండిరి. ఇంతలో లాక్‌డౌను వచ్చి, సరకు వారముల తరబడి కదలక నిలిచిపోయెను. వీనిలో నేదియు నా రాత్రి యాకాశమునుండి ఊడిపడినది కాదు. పైపు మార్చిననాడే పనివారును ఇంజనీర్లును కూర్చుండి, ‘దీనివలన నేమగును?’ అని ప్రశ్నించుకొనియుండినచో, వేడిని కొలుచు సాధనము మీదిభాగమున లేదను సంగతి బయటపడక తప్పెడిది కాదు.

ఇట్లు ప్రశ్నించుకొనుటకు పద్ధతి లేకపోలేదు. రసాయన కర్మాగారములవారు దీనిని హాజోప్ అని వ్యవహరింతురు. ప్రతి పైపును ప్రతి పాత్రను పటమున చూచుచు, ఇందు ప్రవాహము లేకున్న నేమగును, హెచ్చిన నేమగును, వెనుకకు మరలిన నేమగును, వేడి పెరిగిన నేమగును అని వరుసగా నడిగి, జవాబులను వ్రాసికొందురు. ఎక్కడ జవాబు భయంకరముగా నుండునో అక్కడ నివారణోపాయమును నిర్ణయింతురు. ఇది గొప్ప విద్య గాదు. ఓపికతో గూడిన పని. అయితే యీ పత్రము వ్రాసిననాటి కర్మాగారమునకు మాత్రమే చెల్లును. మరునాడొక వాల్వు మారినను, ఒక పంపు మారినను, పత్రములోని కర్మాగారము వేరు, నేలపైనున్న కర్మాగారము వేరు.

మన పాఠకులలో భూవసతి గలవా రనేకులు. ఏటేట అడంగలు ఏల వ్రాయవలెనో వారికి మేము చెప్పనక్కరలేదు. నిరుడు వరి వేసిన మడిలో ఈయేడు చెరకుండవచ్చును, బీడుండవచ్చును. కరణము పొలము చూడక నిరుటి అడంగలునే ఎత్తి వ్రాసి ఫసలీ సంఖ్య మాత్రము మార్చినయెడల, జమాబందీనాడు వాని గతి యేమయ్యెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. శిస్తు విషయమున మన మంగీకరింపని ఎత్తిపోతవ్రాతను, ప్రాణముల విషయమున నంగీకరించుట న్యాయమా?

చట్టము లేదనుటకు వీలులేదు. భోపాలు దుర్ఘటన తరువాత భారత ప్రభుత్వము 1989లో చేసిన అపాయకర రసాయనముల నియమములలో, నిర్ణీత పరిమాణమునకు మించి యట్టి సరకు నిలువచేయు యజమాని రక్షణ నివేదిక వ్రాయవలెననియు, మూడేండ్లు గడువకముందే దానిని మరల వ్రాయవలెననియు, క్రొత్తగా తెలిసివచ్చిన శాస్త్రజ్ఞానమును అందు చేర్చవలెననియు కలదు. ముఖ్యమైన మార్పు చేయదలచినచో తొంబది దినములు ముందుగా అధికారికి నివేదిక పంపవలెను. అమెరికావారు 1992లో చేసిన నియమము ఐదేండ్ల గడు విచ్చినది; యూరపువారి గడువును ఐదేండ్లే. అక్షరమున మన నియమమే కఠినమైనది! కాని అమెరికావారి నియమమున మనము గ్రహింపదగిన విశేషములు కొన్ని కలవు. పరిశీలించు బృందములో ఆ పని స్వయముగా నెరిగిన ఉద్యోగి యొక్కడైన నుండితీరవలెను. ఆ పత్రమును చూచుటకు పనివారికి హక్కు కలదు. కనుగొన్న లోపములను ఎవరు, ఎన్నడు సవరింతురో వ్రాసిపెట్టవలెను. ఈ కడపటిది లేనిచో తక్కిన దంతయు కాగితపు వ్యయమే. 1982లో అమెరికానుండి వచ్చిన యూనియన్ కార్బైడు నిపుణులు భోపాలు కర్మాగారమును చూచి లోపముల పట్టిక వ్రాసిపోయిరి. 1984 డిసెంబరులో విషవాయువు నగరముపై పడిననాటికి, ఆ ద్రవమును చల్లబరచు యంత్రము నెలల తరబడి ఆగియుండెను. నివేదిక యుండెను, యంత్రము మాత్రము నడుచుట లేదు.

యజమానులు కొందరు, ‘మా కర్మాగారమున మార్పేమియు లేదు, మాటిమాటికి ఈ పరిశీలన లెందుకు?’ అందురు. వారు చిన్నదని తలచు మార్పు ఎట్టిదో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో చెప్పును. అక్కడ 1974 మార్చిలో ఆరు రియాక్టర్లలో ఐదవది పగులువారగా, దానిని తీసివేసి, నాలుగవదానికిని ఆరవదానికిని నడుమ తాత్కాలికముగా నొక వంపుపైపు బిగించిరి. దాని పటము వర్కుషాపు నేలపై సుద్దతో గీసినది! బరువును ఒత్తిడిని లెక్కగట్టగల యింజనీరు ఆ సమయమున అక్కడ లేడు. జూన్ 1వ తేదీన ఆ పైపు విడిపోయి, వెలువడిన ఆవిరి ప్రేలి 28 మంది చనిపోయిరి. అది శనివారము గనుక కార్యాలయము లోని వారు రాలేదు. పనిదినమైనచో ఆ సంఖ్య ఎంత పెరిగియుండెడిదో!

లోపల నిజముగానే మార్పు లేకున్నను వెలుపల మార్పు ఆగదు. వెంకటాపురము చెంతనున్న యా కర్మాగారము 1961లో హిందుస్థాన్ పాలిమర్సు పేర వెలసినది. పిమ్మట ఊరు దాని గోడవరకు పెరిగినది. నాడు పొలములపై పోవు ఆవిరి నేడు పడకటిండ్లలోనికి పోవును. అనుభవజ్ఞుడైన పనివాడు విరమించి, అతని స్థానమున కాంట్రాక్టు కూలి వచ్చుటయు మార్పే. ఇది యజమానుల దృష్టికి రాకుండుట మాకు వింతగా నున్నది. జీతముల పట్టికలో మాత్రము వెంటనే కనబడును గదా!

2024 ఆగష్టులో అచ్యుతాపురమున 17 మంది, 2025 జూన్‌లో పాశమైలారమున నలువదిమందికి పైగా మరణించిరి. వీని కారణములు వేరువేరు కావచ్చును. వానిపై తీర్పుచెప్పుట మా పని కాదు. కాని యొక్కొక్క ప్రమాదము తరువాత ఒక్కొక్క సంఘమును వేయుటకు పాలకులు చూపు తొందరలో పదియవ వంతు, గడువు తీరిన పత్రములను వెదకుటలో చూపవలెనని మేము కోరుచున్నాము. ఫ్యాక్టరీల శాఖలో తనిఖీదారులు చాలరందురు. అట్లయిన వారిని నియమింపుడు. ప్రతి యపాయకర కర్మాగారపు రక్షణ నివేదిక కడపట ఎన్నడు సవరింపబడినదో, అందు సూచించిన పను లెన్ని మిగిలియున్నవో తెలుగున వ్రాసి కర్మాగారపు ద్వారమునను, గ్రామ సచివాలయముననో పంచాయతీ కార్యాలయముననో అతికింపవలెను. నెలరోజులకు మించి నిలిచిన కర్మాగారమును, సరికొత్త పరిశీలన లేక తిరిగి నడపనీయరాదు.

ప్రమాదమువలన బాధింపబడగల జనులకు ముందుగా సమాచార మీయవలెనని ఆ 1989 నియమములలోనే యున్నది. కావున మేము కోరునది క్రొత్త హక్కు కాదు. ఈ కర్మాగారములకు భూములిచ్చిన రైతులును, వాని చుట్టును ఇండ్లు కట్టుకొనిన పట్టణవాసులును, విశాఖపట్టణము, అనకాపల్లి, సంగారెడ్డి జిల్లాల కలెక్టర్లను ఆ తేదీల పట్టిక నిమ్మని వ్రాతమూలముగా నడుగవలెను. జవాబు వచ్చినను రాకున్నను మాకు తెలియజేసినచో ఈ పుటలలో ప్రకటింతుము.