కోటగోడకి పిల్లాడే దన్నా?

మొన్న ఫిబ్రవరిలో నల్లపాడు వెళ్తే మా అక్క తన కూతురి స్కూలు యాన్వల్ డేకి లాక్కెళ్ళింది. డాన్సుల గురించి నేనేం మాట్లాడను, మాట్లాడితే అక్క ఊరుకోదు :). నా గొడవ వేరే.

వీడియో తీద్దామని స్టేజీ పక్కకి వెళ్ళా. ముందు నుంచి చూస్తే బ్రహ్మాండమైన రాజసభ. వెనక చూస్తే ఎనిమిదో తొమ్మిదో చదివే ఇద్దరు కుర్రాళ్ళు ఆ ప్లైవుడ్ గోడని చెరో వైపు పట్టుకుని నిలబడున్నారు. ఒకడు దోమ కుడితే మోకాలితో మోకాలు రుద్దుకుంటున్నాడు గానీ చెయ్యి మాత్రం తియ్యట్లేదు. "ఏంట్రా తమ్ముడూ?" అంటే, "సారు పట్టుకోమన్నారన్నా. వదిలితే పడిపోద్ది" అన్నాడు.

పడిపోద్దని సారుకీ తెలుసు, పిల్లాడికీ తెలుసు. తెలిసే నిలబెట్టారు. స్కూలు పేరు అనవసరం, ఇది ఒక్క స్కూలుకున్న జబ్బు కాదు.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఎనిమిదో తరగతిలో, ఇంకో స్కూల్లో, ఒక ప్లైవుడ్ కొబ్బరిచెట్టుకి నన్ను కాపలా పెట్టారు. అరగంటకి చెయ్యి తిమ్మిరెక్కి వదిలేశా. చెట్టు పోయి సత్యభామ వేషం వేసిన అమ్మాయి భుజమ్మీద పడింది. ఆ పిల్లకి మూడు కుట్లు, నాకు డ్రిల్లు మాస్టారి చేతిలో రెండు దెబ్బలు. తప్పు నాదేనని చాలా ఏళ్ళు అనుకున్నా. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో మెకానిక్స్ చదువుతుంటే అనుమానం వచ్చి లెక్క వేశా.

మీరూ వేసి చూడండి. ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు. చెక్కలతో కలిపి ముప్ఫై కిలోలు అనుకోండి. అడుగు వెడల్పున్న పీట మధ్యలో నిలబెట్టారు. దాన్ని పడెయ్యడానికి పైఅంచు దగ్గర ఎంత బలం కావాలి? సుమారు రెండు కిలోలు! పరిగెడుతున్న కృష్ణుడి చెయ్యి తగిలితే చాలు. అదే షీటుకి వెనక నాలుగడుగుల దాకా త్రికోణంగా కర్ర బిగించి, ఆ కర్ర చివర పాతిక కిలోల ఇసక బస్తా వేస్తే, ముందుకి పడాలన్నా వెనక్కి పడాలన్నా పదిహేను కిలోల తోపు కావాలి. బస్తాకి చెయ్యి తిమ్మిరెక్కదు, దోమ కుట్టదు.

ఇక వెనక కట్టే ఫ్లెక్సీ. ఇరవై అడుగులకి పది అడుగులు. గంటకి ఇరవై కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాని మీద నలభై కిలోల తోపు, అంటే దగ్గర దగ్గర ఒక మిర్చి టిక్కీ బరువు. దాన్ని పురికొసతో రెండు బాదులకి కట్టి దండం పెడతారు.

నాకు మండేది ఇక్కడే. ఇది గుంటూరు పక్క ఊరండీ. మిర్చి లోడుకి మోకు ఎట్టా బిగించాలో, పత్తి బోరేలు ఎంత ఎత్తు పేర్చితే ట్రాక్టరు పడుద్దో చదువు రాని రైతుకి కూడా తెలిసిన ఊరు. సరుకు పడితే డబ్బు పోద్ది కాబట్టి కడతారు. కోటగోడ పడితే పోయేది ఎవరో ఒకరి పిల్లాడి భుజమే కదా!

సురభి వాళ్ళని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలుపెట్టిన కుటుంబాలు. మాయాబజార్‌లో వాళ్ళు చేసే మాయలన్నీ తాళ్ళూ, తీగలూ, తెరల మీదే నడుస్తాయి. అక్కడ తాడు లాగడం కూడా వేషం కట్టినంత పని, నేర్చుకుని చెయ్యాల్సిందే. మన స్కూళ్ళలో అది డాన్సుకి సెలెక్టు కాని పిల్లాడికిచ్చే ఓదార్పు బహుమతి.

ఒక్క సాయంత్రానికి ఇంత హంగామా ఎందుకంటారు. హర్యానాలోని డబ్వాలీలో 1995 డిసెంబరు 23న స్కూలు ఫంక్షను కూడా ఒక్కరోజుదే. ఆ టెంటుకి నిప్పంటుకుని నాలుగొందల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. అది నిప్పు, ఇది చెక్క, పోలిక పెద్దదే, ఒప్పుకుంటా. కానీ "ఒక్కరోజుకేగా" అనే మాట రెండు చోట్లా ఒకటే. మా ఆఫీసులోనూ వింటుంటా, "టెంపరరీ ఫిక్సు బాబూ" అని. అక్కడ సర్వరు పడితే మళ్ళీ లేపుతాం.

ఫంక్షనయ్యాక ఒక సారుని అడిగా. "స్టేజీకి నాపరాళ్ళు పరిచాం, మేకులు దిగవు బాబూ" అన్నారు. మేకులెవరడిగారు? బరువు పెట్టమన్నా. "ఇసక బస్తాలు వేస్తే చూడ్డానికి బాగోదు" అన్నారు. గోడ వెనక వేసే బస్తా ఎవరికి కనపడుద్దో నాకర్థం కాలేదు. ఆరోజు డీజేకి ఎంతిచ్చారో కూడా అడిగా, చెప్పలేదు.

అక్కకి చెప్పొచ్చా, వచ్చే ఏడాది పది ఖాళీ గోతాలు మనింట్లోవే పంపించమని. ఇసక వాళ్ళు పోయించుకోవాలి.