ఉగాదికి శాలువాలు మానేసి పూలబుట్టలు ఇద్దాం



ఉగాది వేడుకకి ఈసారి కూడా శాలువాలకీ మెమెంటోలకీ లెక్కలు వేస్తున్నారని తెలిసింది. మా ఇంట్లో మూడు శాలువాలు మడత విప్పకుండా బీరువాలో ఉన్నాయి. బరంపురం ఎండల్లో శాలువా ఎవరు కప్పుకుంటారు చెప్పండి! వాటి బదులు ఇంటికొక వేలాడే పూలబుట్ట ఇద్దామని మా మాట.

నవ్వకండి. మనలో చాలామందికి ఇప్పుడు పెరడు లేదు. పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాక నూతి దగ్గర బచ్చలి పాదూ పోయింది, గోడవార బిళ్ళగన్నేరూ పోయింది. పిల్లలకి 'పోయి శాగ' తెలుసు, బచ్చలి తెలీదు. మొగలిపూలకి పేరుపడ్డ గంజాంలో పుట్టి, 'కియా' అంటే గుర్తుపట్టి మొగలి అంటే తెల్లమొహం వేస్తున్నారు. ఒడియా రావాల్సిందే, మనం బతికే నేల భాష అది. కానీ బాల్కనీలో రోజూ నీళ్ళు పోసే మొక్కనైనా తెలుగులో పిలవకపోతే ఇంకెక్కడ పిలుస్తారు?

మొక్కని వేలాడదీయడం మనకి కొత్తా? దిష్టికని గుమ్మానికి కలబంద కట్టేవాళ్ళం కదా. మట్టీ నీళ్ళూ లేకుండా, ఆకుల్లో దాచుకున్న తడితోనే నెలల తరబడి పచ్చగా ఉండేది. వేసవి బుట్టకి అలాంటి మొండి మొక్కే కావాలి. ఇది మాకు డబ్బు పోయాకే తెలిసింది. నిరుడు ముచ్చటపడి పెటూనియాలు కొన్నాం. అవి చలికాలపు పూలు, ఏప్రిల్ రెండో వారానికే మాడిపోయాయి. తర్వాత అదే బుట్టలో గడ్డిగులాబీ వేశాం, నర్సరీలో టేబుల్ రోజ్ అంటారే, అది. నాలుగు వేళ్ళ పొడవు కొమ్మ తుంచి గుచ్చితే చాలు, బతుకుతుంది. ఎండ బాగా ఉంటేనే పూస్తుంది. నీడ బాల్కనీ అయితే పుదీనా వేసుకోండి.

తీగ బుట్టలో కొబ్బరి పీచు పరిచి, మట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, కాస్త ఇసుక కలిపి నింపాలి. చుట్టూ గాలి తగులుతుంది కాబట్టి నేలమీది కుండీకన్నా తొందరగా ఆరుతుంది. పొద్దున్నే వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. బుట్టలో మట్టి పూర్తిగా ఎండితే మాత్రం నీళ్ళు సరిగ్గా పీల్చదు, పోసినదంతా పక్కనుంచి జారిపోతుంది. అప్పుడు బుట్టని దింపి బకెట్ నీళ్ళలో అరగంట ఉంచాలి. మాకది తెలీక చెంబులకి చెంబులు పోశాం. అవి కాస్తా కింది అంతస్తు వదినగారి వడియాల మీద పడ్డాయి. పది రోజులు మాటల్లేవు. అడుగున పళ్ళెం కట్టుకోండి.

కొక్కెం శ్లాబులోకి గట్టిగా దిగాలి, తడిసిన బుట్ట బరువు తక్కువేం కాదు. కాలబైశాఖి గాలి లేచిన సాయంత్రం బుట్ట దింపి గోడవార పెట్టాలి. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాలపూర్ దగ్గర పైలిన్ తీరం దాటినప్పుడు ఏమేం ఎగిరాయో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

శాలువా లేకుండా సన్మానమేంటని పెద్దలు నొచ్చుకోవచ్చు. సన్మానం అందుకునేవారికి కండువా వేద్దాం, బుట్ట కూడా ఇద్దాం. ప్రతి బుట్టకీ మొక్క పేరు తెలుగులో రాసిన చీటీ కడదాం, అదీ పిల్లల చేతే రాయించి. గడ్డిగులాబీ కొమ్మలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. వచ్చే ఆదివారం మీటింగుకి తెస్తాం, సంచీ మర్చిపోకండి.