నట్టు బిగిసినంత మాత్రాన చక్రం కుదిరినట్టేనా?

మార్కాపురం పలకల గనుల నుంచి, కంభం, గిద్దలూరు మార్కెట్ల నుంచి నిత్యం బయలుదేరే పికప్ బండ్లలో సరైన స్టెప్నీ ఎన్నింటికి ఉన్నదో ఒకసారి పరిశీలించవలసి ఉంది. కొన్నింటికి అసలే లేదు. కొన్నింటికి ఉన్నా అది ఏదో పాత సామాను దుకాణంలో చవకగా దొరికిన వేరే బండి చక్రం. ఐదు బెజ్జాలకు ఐదు బోల్టులు పడితే చాలుననే ధీమా మనవారిది.

ఈ ధీమా ఎంత ప్రమాదకరమో ఈ వ్యాసకర్తకు స్వయంగా తెలిసివచ్చింది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా పికప్ టైరు పగిలింది. స్టెప్నీలో గాలి లేదు. చీకటి పడితే అటవీశాఖ గేటు మూస్తారన్న తొందర. వెనుక వచ్చిన మరో పికప్ డ్రైవరు పుణ్యం కట్టుకొని తన స్టెప్నీ ఇచ్చాడు. ఎక్కింది, నట్లు బిగిశాయి, బయలుదేరాము. నాలుగు మైళ్లు పోకముందే చక్రం దడదడలాడసాగింది. దిగి చూస్తే ఐదు నట్లలో రెండు లేవు, మిగిలిన మూడూ చేతితోనే తిరుగుతున్నాయి. పక్కనే లోయ.

కారణం మెకానిక్కు తరువాత చెప్పాడు. మా నట్ల ముఖం ఏటవాలు, ఆ చక్రం బెజ్జాల అంచు చదును. ఏటవాలు నట్టు అదే ఆకారంలో ఉన్న గుంటలో కూర్చుంటేనే పట్టు. చదును అంచు మీద అది గీతంత మేరనే ఆనుతుంది. బండి అదురుకు వదులవుతుంది. పైనుంచి చూసేవారికి ఈ తేడా కనిపించదు.

కనిపించని తేడాలు ఇంకా ఉన్నాయి. బెజ్జాలన్నీ ఒక వృత్తం మీద ఉంటాయి. ఆ వృత్తం వ్యాసమే అసలు కొలత. పాత విల్లీస్ జీపుకు ఐదు స్టడ్లు, వ్యాసం ఐదున్నర అంగుళాలు, అనగా 139.7 మిల్లీమీటర్లు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్‌కూ వ్యాసం అదే, కాని స్టడ్లు ఆరు. అమెరికాలో పెద్ద పికప్‌లకు ఎనిమిదేసి స్టడ్లు. అయినా 1999 నుంచి ఫోర్డు సూపర్ డ్యూటీ కొలత 170, ర్యామ్‌ది 165.1. జనరల్ మోటార్స్ వారు 2011లో 165.1 వదలి 180కి మారారు. ఐదు మిల్లీమీటర్ల తేడాను ఏ కన్ను పట్టగలదు? సుత్తితో కొట్టి ఎక్కించేవారికి మాత్రం కొదవలేదు. అలా ఎక్కిస్తే స్టడ్డు వంగుతుంది, వంగిన స్టడ్డు ఏదో ఒకనాడు తెగుతుంది.

కొలవడం పెద్ద విద్యేమీ కాదు. ఆరు, ఎనిమిది స్టడ్ల బండికి ఎదురెదురు స్టడ్ల మధ్యనుంచి మధ్యకు కొలిస్తే సరి. ఐదు స్టడ్లకు ఎదురు ఉండదు గనుక పక్కపక్క స్టడ్ల దూరం కొలిచి 1.7తో హెచ్చవేయాలి. నడుమ పెద్ద బెజ్జం హబ్బు మీదికి సుళువుగా దిగాలి. చక్రం లోపలికి ఎక్కువగా వెళితే బ్రేకు డ్రమ్మును, స్టీరింగు కడ్డీలను రాసుకుంటుంది. బయటికి వస్తే బేరింగుల మీద భారం. వెనుక జంట చక్రాలుంటే రెండు టైర్ల నడుమ సందు తగ్గరాదు.

అన్నీ కుదిరినా బరువు సంగతి మిగిలే ఉంటుంది. పలకరాయి ఘనమీటరు రెండున్నర టన్నులకు పైనే తూగుతుంది. టైరు పక్కన ముద్రించిన అంకె చూడండి: 100 అంటే ఆ టైరు మోయగలిగేది 800 కిలోలు, 112 అంటే 1120 కిలోలు. తేలికపాటి బండి చక్రం తెచ్చి రాళ్ల బండికి తగిలించి, ఆపైన పరిమితికి మించి లోడు వేస్తే గిద్దలూరు–నంద్యాల ఘాట్ మలుపుల్లో ఆ టైరు గతి ఏమిటి?

డ్రైవర్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. కిరాయి గిట్టక సతమతమయ్యే మనిషికి కొత్త చక్రం కొనమని చెప్పడం సులభమే! కాని కొలత చూసి పాతదే కొనుక్కోవడానికి అదనపు ఖర్చు లేదు. పాత చక్రాలు అమ్మేవారు ఒక్కొక్క చక్రంపై స్టడ్ల సంఖ్య, వృత్తం కొలత, నట్టు రకం తెల్లరంగుతో రాసి ఉంచాలి. గీత చెరగకుండా రాయడానికి పది పైసల పని. మార్కాపురం, గిద్దలూరు ఆర్టీసీ డిపోల్లో చేయి తిరిగిన మెకానిక్కులున్నారు. రవాణా శాఖవారు వారి సాయంతో ఒక్కొక్క ఆదివారం బండ్ల స్టాండుల వద్ద ఈ కొలతలు చూపించే ఏర్పాటు చేయాలని విజ్ఞప్తి. సామర్థ్య పరీక్షకు వచ్చిన బండి స్టెప్నీని కిందికి దించి, ఒకసారి హబ్బుకు తగిలించి చూడమని కూడా కోరుతున్నాము.

ఈలోగా ఎరువు చక్రంతో బయలుదేరేవారు యాభై కిలోమీటర్లు దాటకముందే బండి ఆపి, స్పానరు తీసి నట్లు మరోసారి బిగించుకోవాలి. ఘాట్ ఎక్కేవారయితే దోర్నాలలోనే ఆ పని చేసుకోవడం మేలు.