ఒక కోస్టరు, పక్కన టైమరు

ఈ వారం మీ చేత ఒక చిన్న కోస్టరు అల్లిద్దామనుకుంటున్నాను. టీ కప్పు కింద పెట్టుకునే గుండ్రటి లేసు ముక్క, ఆరు రేకులతో. నాలుగు వరసల్లో అయిపోతుంది. కాకపోతే ఒక షరతు ఉంది. దారం, సూది పట్టుకుని కూర్చునే ముందు ఫోనులో టైమరు ఆన్ చెయ్యాలి. ఎందుకో తెలియాలంటే ముందు మా మెట్ల దగ్గర జరిగిన బేరం వినాలి.

మేముండేది కృష్ణానగర్‌లో. నడిచి వెళ్లేంత దూరంలోనే ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. మా కింద పోర్షన్‌లో ఉండే కుర్రాడు ఒక సినిమాకి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటు. నెల క్రితం ఆఫీసు నుంచి వస్తుంటే ఆపాడు. "అక్కా, మీరు లేసులు అల్లుతారంట కదా, మాకు అర్జంటుగా కావాలి" అన్నాడు. కథ 1960ల నాటిదట, మధ్యతరగతి ఇల్లు సెట్టు. రేడియో మీద కప్పే గుడ్డ ఒకటి, టీపాయి మీదకి ఒకటి, సోఫా వీపులకి నాలుగు, మంచినీళ్ల గ్లాసుల మీద కప్పే పూసల అంచు మూతలు ఆరు. మొత్తం పన్నెండు. "ఎంతవుద్ది?"

నేను ఆలోచించలేదు. నిజం చెప్తున్నా, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను అల్లింది సినిమాలో కనబడుతుందన్న సంబరంలో ఉన్నాను. "చిన్నవి యాభై, పెద్దవి రెండొందలు ఇవ్వు తమ్ముడూ. నాకేముంది, టైంపాసేగా" అన్నాను. దానికీ బేరమాడాడు. మెషీన్ లేసు మీటరు ముప్పైకే దొరుకుతుందట.

రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లయిన దగ్గర్నుంచి కళ్లు మసకబారే దాకా లేసు అల్లింది. సూది పట్టుకోవడం నాకు నేర్పింది కూడా ఆవిడే, పదో తరగతి సెలవుల్లో. నా మాటలన్నీ విని కాసేపు పలకలేదు. తర్వాత, "యాభైకి ఒప్పుకున్నావుటే అమ్మడూ? అయితే నా పని యాభై రూపాయలదే అన్నమాట" అంది.

"అది కాదు అమ్మమ్మా, నాకు జీతం వస్తుంది కదా, ఇది ఊరికే..." అన్నాను.

"మాకూ అదే చెప్పేవారు. మీ ఆయన సంపాదిస్తున్నాడు కదమ్మా, ఖాళీగా కూర్చోకుండా ఇదేదో చేసుకుంటున్నారు, దీనికి రేట్లేవిటి అని."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

నరసాపురం లేసు గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో ఆడవాళ్లకి నేర్పిన పని ఇది. దాదాపు అదే కాలంలో, 1845 తర్వాత బంగాళాదుంప పంట పోయి కరువొచ్చినప్పుడు, ఐర్లండులో కూడా క్రోషే లేసే ఎన్నో కుటుంబాలకి అన్నం పెట్టింది. మన దగ్గర అది వ్యాపారమై, విదేశాలకి ఎగుమతులై, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ చేరింది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళతాడు, ఆడవాళ్లు అల్లుతారు, మళ్లీ వచ్చి లెక్కపెట్టి పట్టుకెళతాడు. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి దుప్పటిగానో టేబుల్ క్లాత్‌గానో చేసే అతుకుపని వాళ్లు వేరు. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన దుప్పటిని చూడకపోవచ్చు కూడా. (మా ఆఫీసులో ఒక్కొక్కరం ఒక్కో మాడ్యూల్ రాసి, మొత్తం ప్రాడక్టు ఎలా ఉంటుందో ఎప్పటికీ చూడం. ఆ సంగతి చెబితే అమ్మమ్మ నవ్వింది.)

మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ ఊళ్లలో తిరిగి, 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకమే రాసింది. ఆవిడ తేల్చిన విషయం మా అమ్మమ్మ ఫోన్లో చెప్పిందే. రోజూ గంటల తరబడి అల్లే ఈ ఆడవాళ్లని ఎవరూ కూలీలుగా లెక్కెయ్యలేదు. "ఇంట్లో ఉండే గృహిణులు, తీరిక వేళల్లో చేసుకుంటున్నారు" అన్నారు. తీరిక అనే మాట పడగానే రేటు పడిపోతుంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ వచ్చింది. ఇక ఆ పేరు పెట్టి ఎక్కడో తయారైన సరుకు అమ్మడం కుదరదు. మంచిదే. కానీ పువ్వుకి ఎంత ఇవ్వాలో జీఐ ట్యాగ్ చెప్పదు కదా.

మర్నాడు ఆదివారం. టైమరు పెట్టుకుని ఒక కోస్టరు అల్లాను. నలభై రెండు నిమిషాలు. దారం కొసలు లోపలికి దాచెయ్యడానికి ఇంకో ఆరు. పదేళ్లకి పైగా అల్లుతున్న చెయ్యి నాది. దారం ఖర్చు తీసేస్తే గంటకి యాభై రూపాయలు చిల్లర మిగులుతుంది. రోడ్ నంబర్ 36లో ఏదైనా కేఫ్‌లో ఒక కాఫీ తాగాలంటే పొద్దుట మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా అల్లాలి. నాకు జీతం ఉంది కాబట్టి కాఫీకి ఇబ్బంది లేదు. కానీ నేను యాభైకి ఇస్తే, రేపు నరసాపురం నుంచి వచ్చిన లేసుకి ఎవరైనా నూట యాభై చెబితే ఆ కుర్రాడు ఏమంటాడు? "మా పై పోర్షన్ అక్క యాభైకే ఇస్తుంది" అంటాడు. టైంపాస్‌కి అల్లేవాళ్లం మనం తక్కువకి అమ్మితే, పొట్టకోసం అల్లేవాళ్ల రేటు కొట్టేది మనమే.

సరే, ఇక పనిలోకి.

దారం కాటన్‌దే తీసుకోండి, నాలుగు పేటలది. సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళితే రకరకాలు ఉంటాయి. చూడ్డానికి మెత్తగా ఉందని యాక్రిలిక్ ఉన్ని కొనకండి. అది ప్లాస్టిక్కే, పొయ్యి మీంచి దించిన గిన్నె పెడితే కరిగి అంటుకుంటుంది, పైగా నీటి తడి పీల్చదు. మొదటిసారి లేత రంగే మంచిది, నలుపు దారంలో కుట్లు కంటికి ఆనవు. సూది రెండున్నర లేదా మూడు మిల్లీమీటర్లది చాలు. నరసాపురం వాళ్లు వాడే సన్నటి స్టీలు సూది జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి, స్టీలు సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది.

రావలసిన కుట్లు నాలుగే. గొలుసు, స్లిప్ స్టిచ్, సింగిల్, డబుల్. గొలుసు అంటే సూది మీదున్న లూపులోంచి దారం లాగడం, అంతే. స్లిప్ స్టిచ్ కలపడానికి: సూది గుచ్చి, దారం అందుకుని, అన్నిట్లోంచీ ఒకేసారి లాగెయ్యాలి. సింగిల్‌కి, సూది గుచ్చి దారం లాగితే రెండు లూపులుంటాయి, మళ్లీ దారం అందుకుని రెండింట్లోంచీ లాగండి. డబుల్‌కి గుచ్చడానికి ముందే సూదికి దారం ఒక చుట్టు వెయ్యాలి. గుచ్చి లాగితే మూడు లూపులవుతాయి. దారం అందుకుని రెండింట్లోంచి, ఇంకోసారి అందుకుని మిగిలిన రెండింట్లోంచి లాగాలి. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు జాగ్రత్త. నేను చెప్పేవి అమెరికా పేర్లు. బ్రిటన్ వాళ్లు మన సింగిల్‌ని డబుల్ అంటారు. ఒకే పేరుతో రెండు వేరే ఫంక్షన్లు ఉన్నట్టు! మొదట్లో ఒక బ్రిటిష్ ప్యాటర్న్ చూసి టోపీ మొదలుపెట్టి గొట్టంలాంటిదేదో తయారుచేశాను.

ఆరు గొలుసులు వేసి, మొదటి దానితో స్లిప్ స్టిచ్ చేసి చిన్న రింగు చెయ్యండి. మొదటి వరసకి మూడు గొలుసులు (ఇదే ఒక డబుల్ కింద లెక్క), ఆ రింగులోకే ఇంకో పదకొండు డబుల్స్. మొత్తం 12. స్లిప్ స్టిచ్‌తో కలపండి.

రెండో వరసకి నాలుగు గొలుసులు. అందులో మూడు డబుల్ లెక్క, ఒకటి ఖాళీకి. పక్క కుట్టులో ఒక డబుల్, ఒక గొలుసు, మళ్లీ పక్క దాంట్లో ఒక డబుల్, ఒక గొలుసు. ఇలా చుట్టూ తిరిగి, మొదట వేసిన నాలుగు గొలుసుల్లో మూడోదానికి కలపాలి. 12 డబుల్స్, 12 కిటికీలు వస్తాయి.

మూడో వరసకి స్లిప్ స్టిచ్‌తో మొదటి కిటికీలోకి జరిగి, మూడు గొలుసులు, అదే కిటికీలో ఇంకో రెండు డబుల్స్. తర్వాత ప్రతి కిటికీలో మూడేసి డబుల్స్. చివర లెక్కపెట్టుకోండి, 36 ఉండాలి. ముప్పై అయిదు వచ్చిందంటే "ఒకటేగా" అని ముందుకి పోవద్దు, ఆరో రేకు దగ్గర దొరికిపోతారు. క్రోషేలో ఎప్పుడూ సూది మీద ఒక్క లూపే బతికి ఉంటుంది కాబట్టి విప్పడం చాలా తేలిక. సూది తీసేసి దారం లాగితే తప్పు చేసిన చోటి దాకా ఊడొస్తుంది, అక్కణ్నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఆఖరి వరస రేకులు. ఒక గొలుసు, అక్కడే ఒక సింగిల్. రెండు కుట్లు వదిలి మూడోదాంట్లో ఏడు డబుల్స్, మళ్లీ రెండు వదిలి మూడోదాంట్లో ఒక సింగిల్. ఇలా ఆరుసార్లు. ఆరో రేకు తర్వాత సింగిల్ బదులు మొదటి సింగిల్‌కి స్లిప్ స్టిచ్‌తో కలిపి దారం తెంపండి. ఇంచుమించు పది సెంటీమీటర్ల పువ్వు మీ చేతిలో ఉంటుంది.

కుట్ల లెక్క గమనించారా? మొదటి వరసలో 12, రెండోదాంట్లో కుట్లూ ఖాళీలూ కలిపి 24, తర్వాత 36, చివర 48. ఈ పన్నెండు ఎక్కడిదా అని నాకు చాలాకాలం అనుమానం. ఒకరోజు మెట్రోలో, చెక్‌పోస్ట్ దాటి పెద్దమ్మగుడి వస్తుండగా తట్టింది. వృత్తం వ్యాసార్థం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి ఆరు రెట్లకి కొంచెం పైన పెరుగుతుంది, అదే మన రెండు పైలు. డబుల్ కుట్టు ఎత్తు దాని వెడల్పుకి ఇంచుమించు రెండింతలు. ఆరు రెండ్లు పన్నెండు. అందుకే సింగిల్ కుట్టుతో అల్లే వృత్తాలకి వరసకి ఆరు పెంచితే సరిపోతుంది. ఇంజనీరింగులో నాలుగేళ్లు రాసిన పై విలువ నాకు మొదటిసారి చేతికి తగిలింది అక్కడే.

పన్నెండు కంటే తక్కువ పెంచితే ముక్క గిన్నెలా పైకి లేస్తుంది. ఎక్కువ పెంచితే గోరింటపువ్వు అంచులా కుచ్చులు పడుతుంది. ఇలా కుచ్చులు పడే అల్లికతోనే కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమిన్యా అనే గణిత శాస్త్రవేత్త 1997లో హైపర్బోలిక్ తలానికి నమూనా తయారుచేసింది. కాగితంతో చేస్తే చిరిగిపోయే ఆకారం, దారంతో విద్యార్థులు చేత్తో పట్టుకుని చూసేలా నిలబడింది. కాబట్టి మీ కోస్టరు కుచ్చులు పడితే ఎవరైనా నవ్వినప్పుడు ఈ కథ చెప్పెయ్యండి.

మెషీన్ లేసు సంగతి కూడా చెప్పాలి. షాపుల్లో మీటర్ల లెక్కన దొరికేది క్రోషే కాదు, క్రోషేలా కనబడేలా మెషీన్ మీద అల్లినది. చేతి క్రోషేలో ప్రతి కుట్టునీ ఒక కొక్కెం విడిగా పట్టుకుని, తిప్పి, లాగి పూర్తి చెయ్యాలి. ఆ పని అచ్చం అలాగే చేసే మెషీన్ మార్కెట్లో లేదు. షాపులో "క్రోషే టాప్" అని రాసి ఉన్నది నిజంగా క్రోషే అయితే, ఎక్కడో ఒక మనిషి కూర్చుని అల్లిందే. మూడు వందలకి అది అమ్ముతున్నారంటే ఆ మనిషికి ఎంత చేరుంటుందో మీరే లెక్కెయ్యండి. టైమరు ఉందిగా.

ఇక మా బేరం. రెండు రోజుల తర్వాత కింద పోర్షన్ తలుపు కొట్టాను. "తమ్ముడూ, తప్పు రేటు చెప్పాను. చిన్నవి నూట యాభై. రేడియో గుడ్డకి ఇరవై పువ్వులు అతకాలి, అది రెండు వేల అయిదొందలు" అన్నాను. చెబుతుంటే గొంతు వణికింది. ఆఫీసులో జీతం పెంచమని అడిగినప్పుడు కూడా అంత భయపడలేదు. వాడు మొహం అదోలా పెట్టి, "మా బడ్జెట్ చూసి చెప్తా అక్కా" అన్నాడు. నాలుగు రోజులు మెట్ల మీద ఎదురుపడినా మాట్లాడలేదు. అయిదో రోజు వచ్చాడు. క్లోజప్‌లో పడేది రేడియో గుడ్డ ఒక్కటేనట, అది కావాలి. టీపాయికి, సోఫాలకి, గ్లాసులకి మెషీన్ లేసే కత్తిరించి పెట్టేసుకుంటారు.

పన్నెండులో ఒక్కటి. అదీ నేను అల్లలేదు. అమ్మమ్మ వాళ్ల పక్కింటి పిన్నిగారు అల్లి కొరియర్‌లో పంపారు, డబ్బులు నేరుగా ఆవిడ ఫోనుకే వెళ్లాయి. నా వంతు కొసలు దాచడం, గంజి పెట్టడం. అమ్మమ్మ వీడియో కాల్‌లో అద్దాలు పెట్టుకుని ఆ గుడ్డని చాలాసేపు చూసి, "అతుకు బాగా వేసింది" అంది. తర్వాత నా కోస్టరు చూపించాను. "నీది ఇంకా బిగుసుకుపోతోందే, దారం వదులు" అంది.

గంజి ఎంత పల్చగా ఉండాలి, రేకులు విచ్చుకునేలా గుండుసూదులతో ఎలా లాగి ఆరబెట్టాలి అన్నది వచ్చే వారం. ఈలోపు మీ కోస్టరు ఫోటోతో పాటు టైమరులో ఎన్ని నిమిషాలు పడిందో కూడా రాసి పంపండి. మొదటిసారి రెండు గంటలు దాటినా ఫరవాలేదు, నాదీ దాటింది.