దెయ్యం పేరు విధవ

బాలీ వెళ్ళొచ్చిన స్నేహితుల ఫోటోల్లో ఆమెని మీరు చూసే ఉంటారు. చింపిరి జుట్టు, ఉరిమే గుడ్లు, కోరలు, బొడ్డు దాకా వేలాడే నాలుక. ఆమె రంగ్డా. ఎదురుగా, ఇద్దరు మనుషులు లోపల దూరి ఆడించే సింహంలాంటి జంతువు బరోంగ్. కింద క్యాప్షన్ ఎప్పుడూ ఒకటే: 'మంచికీ చెడుకీ పోరాటం'. నా గొడవంతా ఆ క్యాప్షన్‌తోనే.

బాతుబులాన్‌లో పొద్దున్నే టూరిస్టుల కోసం ఆడే బరోంగ్ ఆట నేనూ చూశాను. చేతికిచ్చిన కాగితంలోనూ అదే ముక్క. తీరా చూస్తే కథ అలా లేదు. కుంతి సహదేవుణ్ణి రంగ్డాకి బలివ్వాలి. అవును, మన సహదేవుడే. శివుడు అతనికి చావు లేకుండా వరమిస్తాడు. ఓడిపోయిన రంగ్డా, నన్ను చంపు, స్వర్గానికి పోతాను అని తనే అడుగుతుంది. తర్వాత ఆమె శిష్యురాలు కాళిక తానే రంగ్డాగా మారి వస్తుంది. సహదేవుడు బరోంగ్ అవుతాడు. ఇద్దరిలో ఎవరూ గెలవరు. బరోంగ్ పక్షం వాళ్ళు పూనకంతో క్రిస్ కత్తుల్ని తమ గుండెలకే గుచ్చుకుంటారు. మంచి గెలిచిందెక్కడ?

పైగా, ఊరి గుళ్ళో రంగ్డా మాస్కుకి నైవేద్యాలు పెడతారు. ఆమెని దుర్గ రూపమంటారు. ఊరిని కాపాడమని మొక్కుతారు. చెడుకి ఎవరైనా మొక్కుతారా?

ఇక్కడ కాస్త చదువుకున్నవాళ్ళు అందుకుంటారు: "అది పోరాటం కాదండీ, సమతౌల్యం. బాలీవాళ్ళు దాన్ని రువా భినేద అంటారు. విగ్రహాలకి చుట్టే నలుపు తెలుపు గళ్ళ గుడ్డ చూడలేదూ?" చూశాను. మాట నిజమే. కానీ నాకు ఈ జవాబు మీద ఇంకా ఎక్కువ కోపం. రెండూ ఉండాల్సిందే అని తల పంకించేసి, ఆ రెండోవైపు నిలబెట్టింది ఎవరినో అడగకుండా తప్పించుకుంటున్నాం.

రంగ్డా అంటే విధవ. సంస్కృతంలో 'రండా'. తెలుగులో ఆ మాట ఎలా వాడతామో మీకు నేను చెప్పక్కర్లేదు. సముద్రం దాటి వెళ్ళి అక్కడ దెయ్యానికి పేరైంది, ఇక్కడ తిట్టయింది.

ఆమె వెనకున్న కథ చలొనరాంగ్‌ది. 11వ శతాబ్దపు జావా రాజు ఐర్లంగ్గ కాలంలో జరిగినట్టు చెబుతారు. ఆమె విధవ, మంత్రగత్తె. ఆమె భయానికి కూతురు రత్న మంగ్గలిని చేసుకోడానికి ఒక్కడూ ముందుకు రాడు. ఆ కోపంతో ఊళ్ళమీదికి రోగాలు పంపిస్తుంది. రాజు పక్షాన గురువు భరాద ఏం చేశాడు? తన శిష్యుడు బహులకి ఆ పిల్లనిచ్చి పెళ్ళి చేయించి, అతని ద్వారా తల్లి మంత్రాల పుస్తకం సంపాదించాడు. పెళ్ళిని ఎర వేసి తల్లిని చంపినవాళ్ళు మంచి, చచ్చినామె చెడు!

ఆమె చేసిన చావుల్ని నేను మాఫీ చెయ్యడం లేదు. ఆ కథలో జనం నిజంగానే చచ్చారు. కానీ ఇండోనేషియా కవయిత్రి తూతీ హెరాతీ ఇదే కథని పితృస్వామ్యానికి బలైన స్త్రీ కథగా తిరగరాసింది. అక్కడివాళ్ళే ప్రశ్నిస్తుంటే మనం ఇంకా క్యాప్షన్ కాపీ కొడుతున్నాం.

మా అమ్మమ్మ పెళ్ళిళ్ళలో వెనక గదిలో కూర్చునేది. ఎవరైనా ప్రయాణమవుతుంటే తనే పక్కకి తప్పుకునేది, ఎదురుపడకూడదని. ఆమె ఎవరికీ రోగాలు పంపలేదు. ఆమెకి నైవేద్యం కూడా ఎవరూ పెట్టలేదు. బాతుబులాన్‌లో ఆ తెల్లజుట్టు ఊగుతూ మెట్లు దిగినప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. నాకు మాత్రం ఆ వెనక గదే గుర్తొచ్చింది.

ఈసారి ఆ ఫోటో పెడితే, కింద మంచీ చెడూ అని రాయకండి. ఆమె పేరుకి అర్థం రాయండి. చాలు.