స్పోర్ట్స్ కారుకు వేగం ఒక్కటే కొలత కాదు

స్పోర్ట్స్ కారంటే హార్స్‌పవరే అన్న నమ్మకం మన కుర్రాళ్లలో బలంగా ఉంది. నేనొప్పుకోను. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్‌రోడ్డు, అంటే ఇప్పుడు కొండ దిగే దారిలో, వరుస హెయిర్‌పిన్ మలుపుల్లో రెండు టన్నుల ఎస్‌యూవీని తిప్పి చూడండి. బ్రేకు నొక్కగానే బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, బాడీ మలుపుకు బయటివైపు ఒరుగుతుంది. ఎన్ని హార్స్‌పవర్లున్నా అక్కడ అక్కరకు రావు. 1989లో మాజ్దా తెచ్చిన ఎమ్‌ఎక్స్-5 అనే కారు ఇంజిన్ 1.6 లీటర్లే, బరువేమో టన్ను లోపే. ముందూ వెనకా ఇరుసుల మీద దాదాపు సమానంగా పడే ఆ బరువు, వెనక చక్రాలకు అందే శక్తి, నేలకు దగ్గరగా ఉండే సీటు, టైరుకు పట్టు ఎంతుందో చేతికి తెలియజేసే స్టీరింగ్, ముఖ్యంగా ఈ స్టీరింగ్: నా లెక్కలో స్పోర్ట్స్ కారంటే ఇదీ. గంటకు 40 కిలోమీటర్ల వేగంలోనే ఆ గుణం తెలిసిపోతుంది. కాబట్టి ఘాట్‌లో వేగానికి కళ్లెం వేసేలా వాహనాలకు టీటీడీ కనీస ప్రయాణ సమయం పెట్టడాన్ని గట్టిగా సమర్థిస్తాను. పిల్లాపాపలతో భక్తులు దిగే ఆ దారిలో ఎవరి కారు గొప్పదో తేల్చుకోవడానికి పందేలు అక్కర్లేదు.